మాటిచ్చిన రెండో గేరు

బోల్టు అమెరికాది. పానా రష్యాది. రెండిటి మధ్యా నలిగేవి మాత్రం ఎవేలియో వేళ్లు.

రేకుల షెడ్డులో, రైలుపట్టాల కింద వేసే చెక్కదిమ్మల మీద నిలబెట్టిన పాత ప్లిమత్ కారు కింద అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గేర్ బాక్సును ఇంజను వెనక గూటికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. రెండు ఎలాగో వచ్చాయి. మూడోది మొండికేసింది. పద్నాలుగో నంబరు పానా దాని తల మీదికి ఎక్కదు. పదిహేనోది ఎక్కుతుంది గానీ వదులు. అందుకని కామగ్వే ఊళ్లో అందరూ చేసే పనే అతనూ చేశాడు. పాలపొడి డబ్బా రేకును సన్నగా కత్తిరించి, పానాకీ బోల్టుకీ మధ్య దోపి, ఊపిరి బిగబట్టి లాగాడు. రేకు జారింది, వెనకే పానా జారింది, పిడికిలి వెళ్లి ఇనుప పట్టీకి టప్పున కొట్టుకుంది. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయింది.

"నిన్ను చేసినవాడి చేతులు పడిపోను," అన్నాడు ఎవేలియో.

"ఎవర్నిరా తిడుతున్నావ్, కంపాద్రె?" పైనుంచి తీరిగ్గా వినిపించింది ఒక గొంతు.

"బోల్టుని."

"బోల్టునే కదా. నన్నేమో అనుకున్నా."

"నిన్ను మనసులో తిడుతున్నా. అది పైకి వినపడదు."

పైన ఊగుడు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నవాడు నోర్బెర్తో. ఎవేలియో కూతురు యానెత్‌కి జ్ఞానస్నానం చేయించిన రోజున పిల్లను ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి. ఆ రోజునుంచీ ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకున్న పాపాన పోలేదు. పిల్ల తండ్రికీ జ్ఞానతండ్రికీ మధ్య పిలుపు ఒక్కటే, కంపాద్రె. ఆ పిలుపు నోట్లోంచి వస్తే చాలు, కాదు, కుదరదు, లేదు అనే మాటలు గొంతులోనే ఆగిపోతాయి. ఆ ఊళ్లో అన్నదమ్ములు కూడా ఆస్తి దగ్గర కొట్టుకుంటారు గానీ కంపాద్రెలు కొట్టుకోరు.

ఈ గొడవంతా మొదలైంది పోయిన ఆదివారం సాయంత్రం, వీధి అరుగు మీద డొమినో బల్ల దగ్గర. నోర్బెర్తోకీ ఒక ప్లిమత్ ఉంది, ఎవేలియోదాని లాంటిదే, ఒక్క ఏడాది చిన్నది. దాన్ని నువేవిటాస్ రేవు రోడ్డు మీద అద్దెకు తిప్పుతాడు. అది అలా తిరగబట్టే వాడింట్లో పొయ్యి వెలుగుతోంది.

"రెండో గేరు పళ్లు రాలిపోయాయి," అన్నాడు నోర్బెర్తో ఆ రోజు, ఆట పెంకులు పేరుస్తూ. "ఒకటి నుంచి మూడుకి దూకిస్తున్నా, అదీ నిండా జనంతో. క్లచ్ మాడిన కంపుకి ముసలమ్మలు ముక్కులు మూసుకుంటున్నారు. దీవి మొత్తం వెతికించా. ప్లిమత్ రెండో గేరు అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. ఇంకో నెల ఇలాగే లాగితే మొత్తం బాక్సే పగులుతుంది. ఆ తర్వాత నీ రిక్షా పక్కన నా రిక్షా పెట్టుకోవడమే."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఎవేలియో కూడా నవ్వాడు. ఆ పూట అతని చేతిలో మంచి పెంకులు పడుతున్నాయి, గ్లాసులో రమ్ము కూడా ఉంది. ఆ రెండూ కలిసి నాలుకను వదులు చేశాయి.

"నా ఇంట్లో ప్లిమత్ నిలబడి ఉండగా నువ్వు దీవి మొత్తం వెతకడమేంటి, సిగ్గులేకపోతే సరి," అన్నాడు. "నా కారులో రెండో గేరు పెళ్లికూతురులా ఉంది. ఆ గేరు నీదే పో."

అనేశాడు. అన్న తర్వాత తనకే గుండెలో రాయి పడింది. కానీ అప్పటికే నోర్బెర్తో లేచి వచ్చి కావలించుకున్నాడు, మిగతావాళ్లు పెంకులతో బల్ల మీద దడదడా కొట్టారు. డొమినో బల్ల దగ్గర నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకున్నవాణ్ణి ఆ పేటలో ఎవరూ మళ్లీ ఆటకు పిలవరు. ఎవేలియోకి ఆ సంగతి బాగా తెలుసు, ఎందుకంటే అలాంటివాణ్ణి ఒకణ్ణి పిలవకుండా మానేసినవాళ్లలో తనూ ఒకడు.

అసలు బాధేమిటంటే, ఎవేలియో కారులో పనికిరాకుండా పోయింది ఇంజను ఒక్కటే. కొన్నేళ్ల కిందట ఇంజను దిమ్మ నిలువునా పగిలిపోయింది. అప్పటినుంచీ అతను స్టేషను దగ్గర మూడు చక్రాల రిక్షా తొక్కుతున్నాడు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన చేతులతో హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎండలో తొక్కి తొక్కి మోకాళ్లు గుజ్జయినా, ఇంటికి వచ్చి షెడ్డులోకి ఒకసారి తొంగిచూస్తే చాలు, ప్రాణం లేచివచ్చేది. ఇంజనుదేముంది, ట్రాక్టరుదైనా పడవదైనా ఏదో ఒకటి ఏదో ఒక రోజు దొరుకుతుంది, తగిలించుకోవచ్చు. మిగతాదంతా సిద్ధంగా ఉంది. ఆ రోజు వస్తే తను మళ్లీ డ్రైవరు. కానీ ఇప్పుడు గేర్ బాక్సు విప్పి అందులోంచి రెండో గేరు తీసేస్తే, మళ్లీ దొరికేది ఎక్కడ? దొరకదని చెప్పిందే నోర్బెర్తో కదా. గేరు లేని కారు కారు కాదు, కోళ్లగూడు.

అందుకే ఎవేలియోకి ఇవాళ ఒళ్లంతా మంటగా ఉంది. బోల్టు రానందుకు మంట. వస్తుందేమో అని ఇంకో మంట.

"కిరసనాయిలు పోసి చూడు," అన్నాడు నోర్బెర్తో పైనుంచి.

"పోశా."

"బ్రేకు నూనె?"

"అదీ పోశా."

"సుత్తితో రెండు దెబ్బలు..."

"కంపాద్రె, నువ్వు ఇక్కడికి వచ్చి పడుకో, నేను ఆ కుర్చీలో ఊగుతూ నీకు సలహాలు చెప్తా."

"నేను దూరితే ఇరుక్కుపోతాగా," అని పొట్ట నిమురుకున్నాడు నోర్బెర్తో. "మళ్లీ నన్ను తీయడానికి జాకీ వెయ్యాలి."

ఎవేలియో భార్య మిగ్దాలియా బియ్యంలో రాళ్లేరుకుంటూ వంటింటి గుమ్మంలో కూర్చుంది. ఆవిడ కంటికి ఏదీ దాగదు. కారు కిందనుంచి కనిపించే మొగుడి కాళ్లను కాసేపు చూసింది. పానా లాగేటప్పుడు మనిషి కాళ్లు నేలను తన్నిపట్టాలి. ఎవేలియో కాళ్లు అరటి తొక్కల్లా మెత్తగా పడి ఉన్నాయి.

ఆవిడ లేచి వచ్చి కారు పక్కన కూర్చుని, కిందికి వంగింది.

"లాగట్లేదు నువ్వు," అంది, నోర్బెర్తోకి వినపడకుండా.

"లాగుతున్నా."

"పెళ్లయి ఇన్నేళ్లయింది, నువ్వు లాగితే ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఇవ్వడం ఇష్టం లేకపోతే లేచి వెళ్లి ఇవ్వనని చెప్పు. అంతేగానీ ఆ బోల్టు మీద నింద వెయ్యకు."

"నీ పని నువ్వు చూసుకో."

"నా పనే చూసుకుంటున్నా. మధ్యాహ్నం భోజనానికి మీ కంపాద్రె కూడా ఇక్కడే ఉంటాడు, సాయంత్రం దాకా నువ్విలాగే దాన్ని దువ్వుతూ కూర్చుంటే రాత్రికి కూడా ఉంటాడు. ఇంట్లో ఉన్న చిక్కుళ్లు ఒక పూటకే."

ఎవేలియో మొహం కందగడ్డలా అయింది. రేకును రెండు మడతలు వేసి దోపాడు, పానాకి నీళ్లగొట్టం ముక్క తొడిగి పొడవు చేశాడు, రెండు పాదాలూ చెక్కదిమ్మకు తన్నిపెట్టి, కసి అంతా భుజంలోకి తెచ్చుకుని లాగాడు. బోల్టు కిర్రుమని అరిచి తిరిగింది. కుర్చీలోంచి నోర్బెర్తో చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు వింటే ఎవేలియోకి పానా విసిరి కొట్టాలనిపించింది.

నాలుగోది పైన ఉంది. దాన్ని అందుకోవాలంటే కారు లోపలికెక్కి, ముందు సీటు కింద నేలరేకు తీయాలి. ఆ రేకు మరలు తుప్పుపట్టి రేకుతో ఏకమైపోయాయి. ఉలితో వాటి తలలు ఎగరగొట్టాల్సి వచ్చింది. సీటు కింద ఒక పాత దువ్వెన, యానెత్ చిన్నప్పటి చెప్పు ఒకటి దొరికాయి. ఎవేలియో వాటిని చూడనట్టే పక్కన పడేశాడు. ఇప్పుడు వాటిని చూస్తూ కూర్చుంటే పని సాగదు.

నాలుగు బోల్టులూ వచ్చాయి. వెనక షాఫ్టు విడదీశారు, గేరు కడ్డీలు ఊడదీశారు, నల్లటి నూనె దించారు. ఇక బాక్సు రావాలి. రాలేదు.

ఆ బాక్సు పోత ఇనుము, పడ్డ మనిషి డొక్కలు పగలగొట్టే బరువు. దాన్ని అలా కిందికి వేలాడనిచ్చారా, ముందున్న షాఫ్టు క్లచ్ ప్లేటులో వంగి, ప్లేటునే పాడుచేస్తుంది. అందుకని కారు తలుపులు రెండూ తెరిచి, గడప మీంచి గడప మీదికి అడ్డంగా ఒక దూలం వేశారు. దూలానికి తాడు కట్టి, నేలరేకు తీసిన కంతలోంచి దించి, బాక్సుకు ఉచ్చు వేశారు. నోర్బెర్తో పైన కూర్చుని తాడు పట్టుకోవాలి, ఎవేలియో కిందనుంచి బాక్సును సూటిగా వెనక్కి లాగాలి.

"కొంచెం పైకి," అన్నాడు ఎవేలియో.

నోర్బెర్తో చాలా పైకి లాగాడు.

"కొంచెం అన్నా."

నోర్బెర్తో తాడు వదిలాడు. బాక్సు ధబ్బున జారి ఎవేలియో ఛాతీకి బెత్తెడు ఎత్తులో ఆగింది.

"నన్ను చంపేస్తే గేరుతో పాటు నా పెళ్లాన్ని కూడా పోషించాలి, గుర్తుపెట్టుకో," అన్నాడు ఎవేలియో, ఊపిరి అందాక.

"ఆ పొట్ట బరువు నేను మొయ్యలేను," అంది గుమ్మంలోంచి మిగ్దాలియా గొంతు. "ఆయన వంట తిని బతకలేను కూడా."

అలా ఒకళ్లనొకళ్లు ఎత్తిపొడుచుకుంటూ, అటు ఊపి ఇటు ఊపి, చివరికి చెమటతో ఇద్దరూ తడిసి ముద్దయ్యాక, షాఫ్టు క్లచ్‌లోంచి చప్పుడు లేకుండా జారి బయటికి వచ్చింది. ఎవేలియోకి తల ప్రాణం తోకకు వచ్చింది. బాక్సును చక్రాల బండి మీదికి దొర్లించి, మామిడి చెట్టు కింద బల్ల దగ్గరికి తోశారు. కారు కింద ఇప్పుడు బాక్సు ఉన్న చోట ఖాళీ కనిపిస్తోంది. ఎవేలియో అటు తిరగలేదు.

చిక్కుళ్లు, అన్నం, వేయించిన అరటి ముక్కలు తిన్నాక బాక్సు విప్పడం మొదలుపెట్టారు. పక్క మూత తీసి, కింది ఇరుసును మెల్లగా తోస్తూ, "లోపల సూదుల్లాంటి రోలర్లుంటాయి, గిన్నె పట్టుకో," అన్నాడు ఎవేలియో. నోర్బెర్తో గిన్నె తెచ్చేలోపే రోలర్లన్నీ బుర్రుమని రాలి బల్ల మీంచి మట్టిలోకి దొర్లాయి. పెరట్లో కోడి పరుగెత్తుకొచ్చి ఒకదాన్ని ముక్కుతో పొడిచింది.

"దాన్ని తోలు," అరిచాడు ఎవేలియో. "నీ కళ్లెక్కడున్నాయి?"

"గిన్నె మీదున్నాయి. నువ్వేగా గిన్నె అన్నావు."

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని మట్టి జల్లెడ పట్టినట్టు వెతికారు. ఎవేలియోకి ఏడుపొక్కటే తక్కువ. తనది కాని పని కోసం, తనకి ఇష్టం లేని పని కోసం, ఇంత శ్రద్ధగా వెతుకుతున్నానేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి గేర్లు వరసగా బయటికి వచ్చాయి. రెండో గేరును కిరసనాయిల్లో కడిగి, బనీను గుడ్డతో తుడిచాడు. ఒక్క పన్ను అరగలేదు. ఎండలో తళతళా మెరిసింది. ఇరవై ఏళ్లు తను ఎంత ఒడుపుగా మార్చి ఉంటే ఇలా మిగిలింది. నోర్బెర్తో దాన్ని రెండు చేతులా అందుకుని ముద్దుపెట్టుకున్నాడు.

"నువ్వు మనిషివి కాదు, కంపాద్రె."

"అవును, గాడిదని. వెళ్లి నీ కారు తీసుకురా, చీకటి పడేలోపు నీ బాక్సు కూడా దించుదాం."

నోర్బెర్తో కారు వీధి చివరనుంచి గుర్రుమంటూ వచ్చి ఇంటి ముందు ఆగింది. వాడికి తన కారంటే మహా గొప్ప. కొన్న రోజునుంచీ ఒకటే పాట: ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉంది, ఒక్క మర కూడా మారలేదు. నువేవిటాస్‌లో అమ్మినవాడు తల్లి మీద ఒట్టేసి చెప్పాడట. దాని కిందికి ఎవేలియో ఎప్పుడూ దూరలేదు. ఆ ఊళ్లో మగవాళ్లు ఇంటి గుట్టు అయినా చెప్పుకుంటారు గానీ కారు కిందికి ఇంకొకణ్ణి రానివ్వరు. నోర్బెర్తో పొట్ట పుణ్యమా అని వాడూ దూరలేదు. అవసరమైన నూనెలన్నీ రైల్వే వర్క్‌షాపు దగ్గరుండే మెకానిక్కు ఒకడు పోసేవాడు, పోసి నోరు మూసుకునేవాడు.

ఎవేలియో జాకీ వేసి కిందికి దూరాడు. నూనె దించే మర కోసం తడిమాడు. ఉండాల్సిన చోట లేదు. గేర్ బాక్సు చుట్టూ బురద, గ్రీజు కలిసి అట్టకట్టి ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో గీకాడు. ఇంకాస్త గీకాడు. ఇనుము మీద ఉబ్బెత్తుగా పోతపోసిన అక్షరాలు బయటపడ్డాయి. అవి రష్యన్ అక్షరాలు.

స్క్రూడ్రైవరు చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు నోర్బెర్తో.

"కంపాద్రె. నీ కారు ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉందన్నావు."

"అవును."

"ఏ ఫ్యాక్టరీలో?"

"అదేం ప్రశ్న?"

"ఇది ప్లిమత్ బాక్సు కాదు. రష్యా వోల్గా కారుది. ఎవడో మధ్యలో ఒక ఇనుప పలక చేయించి, దీన్ని నీ ఇంజనుకి అతికించాడు. నేను పొద్దుటినుంచీ తోలు ఊడేలా తీసిన గేరు ఇందులోకి ఈ జన్మలో ఎక్కదు."

నోర్బెర్తో వంగి చూడబోయాడు, పొట్ట అడ్డం వచ్చింది. నేల మీద ఒక చెంప ఆనించి, పక్కకి పడుకుని చూశాడు. ఆ అక్షరాలు చదవడం అతనికి బళ్లో నేర్పారు. పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

"వాడు తల్లి మీద ఒట్టేశాడు," అన్నాడు.

"వాడికి తల్లి లేదేమో."

ఎవేలియో బయటికి వచ్చి లేచి నిలబడ్డాడు. రోజంతా పడ్డ పాట్లు, పగిలిన కణుపులు, కోడి, రోలర్లు అన్నీ ఒక్కసారి తల మీదికి ఎక్కాయి. ఏళ్ల తరబడి ఆ కారు గొప్పలు విన్నది గుర్తొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. అమ్మినవాణ్ణి, నూనె పోసినవాణ్ణి, ఒక్కసారైనా వంగి చూసుకోని నోర్బెర్తోని, వాడి పొట్టని, వోల్గా చేసినవాళ్లని. నోర్బెర్తో తల వంచుకుని అన్నీ విన్నాడు.

తిట్లు అయిపోయాయి. అప్పుడు మెల్లగా ఎవేలియోకి ఒక సంగతి తట్టింది. గేరు ఇస్తానన్నాడు, తీసి చేతిలో పెట్టాడు. నలుగురి ముందు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. అది పనికిరాకపోవడం తన తప్పు కాదు. ఇక గేరు తనదే. బాక్సు తనదే. కారు తనదే. సంతోషం ఎంత ముంచుకొచ్చిందంటే, మొహం మీద కనపడుతుందేమోనని వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టమన్నాడు.

మిగ్దాలియా కాఫీ పెట్టింది. కప్పు అందిస్తూ అతని మొహంలోకి చూసింది.

కప్పులు పట్టుకుని మళ్లీ పెరట్లోకి వచ్చేసరికి నోర్బెర్తో మామిడి చెట్టు కింద బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గిన్నెలో రోలర్లను కిరసనాయిల్లో కడిగి, ఒక్కొక్కదానికీ గ్రీజు పూసి, ఇరుసు చుట్టూ వరసగా అతికిస్తున్నాడు. లావాటి వేళ్లు. ఒకటి అతికిస్తే పక్కది ఊడుతోంది. మళ్లీ అతికిస్తున్నాడు.

"ఏంటది?" అన్నాడు ఎవేలియో.

"నీ బాక్సు బిగించి పెట్టి పోతా. విప్పించింది నేనేగా."

"నీకు చేత కాదు."

"నువ్వు చెప్పు, నేను చేస్తా."

ఎవేలియో ఎదురుగా కూర్చున్నాడు. కాఫీ చేదుగా ఉంది. రెండో గేరు గుడ్డలో చుట్టి బల్ల మీదే ఉంది, నోర్బెర్తో దాన్ని జాగ్రత్తగా ఎవేలియో వైపు జరిపి పెట్టాడు.

ఇద్దరికీ తెలిసిందే. నోర్బెర్తో ఇంజను మాత్రం నిజంగా ప్లిమత్‌దే. మధ్యలో ఉన్న ఆ ఇనుప పలక పీకేస్తే, ఎవేలియో గేర్ బాక్సు మొత్తానికి మొత్తం దానికి అతుక్కుంటుంది. కాకపోతే ఒక్క గేరుతో సరిపోదు. బాక్సు కావాలి, క్లచ్ ప్లేటు కావాలి, వెనక చక్రాల దాకా పోయే షాఫ్టు కావాలి. ఎవేలియో కారులో ఇంజను వెనక ఉన్నదంతా కావాలి. ఆ తర్వాత షెడ్డులో మిగిలేది ఒట్టి డొల్ల.

అడుగుతాడు, అనుకున్నాడు ఎవేలియో. ఇప్పుడు అడుగుతాడు. కంపాద్రె అని గొంతు మెత్తగా చేసి మొదలుపెడతాడు. అడిగితే ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకున్నాడు. గేరన్నాను, గేరిచ్చాను, అంతకంటే నా వల్ల కాదు, నాకూ ఒక ఆశ ఉంది. ఇందులో తప్పేముంది? ఎవరైనా ఒప్పుకుంటారు.

నోర్బెర్తో అడగలేదు. ఒక రోలరు ఊడింది, వంగి తీసుకుని, తుడిచి, మళ్లీ అతికించాడు.

"రేపు ఎలా తిప్పుతావు?" అన్నాడు ఎవేలియో.

"తిరిగినన్నాళ్లు తిప్పుతా."

"ఎన్నాళ్లు తిరుగుతుంది?"

"నువ్వే చూశావుగా. ఎన్నాళ్లంటావు?"

ఎవేలియో చల్లారిన కాఫీ ఒక గుక్క మింగాడు. కిందికి దూరినప్పుడు ఆ బాక్సు పక్కన వెంట్రుకంత పగులు చూశాడు. దాని సంగతి నోర్బెర్తోకి చెప్పలేదు. చెబితే ఆ పగులు ఎవరి ఒళ్లో పడుతుందో తెలుసు.

నోర్బెర్తో ఇంకో రోలరు అతికించాడు. నాలుక కొద్దిగా బయట పెట్టి, చిన్నపిల్లాడు అక్షరాలు దిద్దుతున్నట్టు. ఎవేలియోకి ఒళ్లు మండిపోయింది. అడిగేవాడైతే కాదనొచ్చు. అడగనివాణ్ణి ఏమని కాదనాలి?

"అడగవేంరా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమడగను?"

"ఏమో, నీకే తెలియాలి. నోరు పడిపోయిందా? డొమినో బల్ల దగ్గర అంత నోరుంది. ఇక్కడేమైంది?"

"గేరిస్తానన్నావు, ఇచ్చావు."

"అది నీకెక్కదు."

"అది నీ తప్పు కాదుగా."

"మొత్తం బాక్సు వేస్తే ఎక్కుతుంది. షాఫ్టు కూడా కావాలి. క్లచ్ ప్లేటు కూడా. నీకు తెలుసా అది?"

"తెలుసు," అన్నాడు నోర్బెర్తో, తల ఎత్తకుండా. "అందుకే అడగట్లేదు."

ఎవేలియో కాఫీ కప్పును బల్ల మీద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. గుమ్మంలో మిగ్దాలియా నిలబడి ఉంది. ఏదో ఒకటి అంటుందని, అంటే ఆవిడ మీద అరవొచ్చని ఎదురుచూశాడు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

"ఆ రోలర్లు అలా కాదు అతికించేది," అన్నాడు చివరికి. "జరుగు. ఈ పని నీవల్ల అయ్యేది కాదు. నీ బాక్సు పక్క పగిలింది, ఇందాకే చూశా. రేవు రోడ్డు మీద అది విడిపోతే వెనకున్న ముసలమ్మల కాళ్లు పోతాయి. నువ్వు జైలుకి పోతే నా కూతురికి జ్ఞానతండ్రి ఎవరు? లే."

"కంపాద్రె..."

"మాట్లాడావంటే ఇవ్వను. ఒక్క మాట మాట్లాడినా ఇవ్వను. లేచి ఆ చక్రాల బండి తీసుకురా."

నోర్బెర్తో నోరు తెరవబోయి మూసుకున్నాడు. లేచి చక్రాల బండి కోసం వెళ్లాడు. ఎవేలియో పానా అందుకుని, మళ్లీ తన కారు కింద వెల్లకిలా పడుకున్నాడు, వెనక షాఫ్టు పూర్తిగా తీయడానికి. అక్కడి నట్లు నాలుగూ వేలితో తిప్పితే చాలన్నట్టు మెత్తగా వచ్చేశాయి. పొద్దున్న ఒక్క బోల్టు కోసం ప్రాణం తీసిన కారు, ఇప్పుడు ఎందుకింత మెత్తబడిందో అర్థం కాలేదు. కాసేపు ఆ చీకట్లోనే పడుకుని, ఎవరికీ వినపడకుండా ఏడ్చాడు. తర్వాత చేతులు చాచి షాఫ్టును బయటికి తోశాడు.

తెల్లారి ఆదివారం, పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఇద్దరూ నోర్బెర్తో కారు కిందే ఉన్నారు. అంటే ఎవేలియో కింద, నోర్బెర్తో తాడు దగ్గర. ఆ రోజు డొమినో బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మర్నాడు ఎవేలియో స్టేషను దగ్గర ఒక బ్యాంకు గుమాస్తాను రిక్షాలో ఎక్కించుకుని బయలుదేరాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. చర్చి మలుపు దగ్గరికి రాగానే వెనక సందులోంచి ఒక చప్పుడు వినిపించింది. సన్నగా, పళ్లు బిగించి పాడినట్టు ఉండే రాగం. ప్రతి గేరుకీ తనదైన రాగం ఉంటుంది, దాన్ని ఇరవై ఏళ్లు విన్నవాడికి ఎన్నేళ్లు గడిచినా పొరపాటు పడే వీల్లేదు. ఎవేలియో తల తిప్పి చూడలేదు. చూడక్కర్లేదు. తన కారు వస్తోంది.

మొదటి గేరు అయింది. రెండులో పడింది. రాగం ఎత్తుకుంది, పెరిగింది, ఇంకా పెరిగింది. ఇక మూడుకి మార్చాలి. ఇంకా మార్చడేంటి వీడు. ఇప్పుడు. ఇప్పుడు మార్చరా, పళ్లు అరిగిపోతాయి. ఎవేలియో కుడిచెయ్యి హ్యాండిల్ వదిలేసి, స్టీరింగు పక్కన గేరు కడ్డీ ఉండే చోటికి లేచింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. వేళ్లు ముడుచుకున్నాయి, మూడులోకి వేస్తున్నట్టు మెల్లగా కిందికి లాగాయి.

నిండా జనంతో నోర్బెర్తో కారు పక్కనుంచి దాటిపోయింది. అప్పుడు మార్చాడు వాడు, మూడుకి, చాలా ఆలస్యంగా.

"ఏమైంది, ఆపేశావేం?" అన్నాడు వెనక కూర్చున్న గుమాస్తా.

"ఏం లేదు," అన్నాడు ఎవేలియో. చెయ్యి దించి హ్యాండిల్ పట్టుకుని, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.